కొండ కింది ఇల్లు, ఆశ్వయుజపు చుట్టాలు

మా పెద్దత్తయ్య ఈమధ్యనే, భాద్రపదం వెళ్ళిపోయే రోజుల్లో, నిండు వయసులో కన్నుమూసింది. పన్నెండో రోజున భోజనాలు ముగిసి, వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే సెలవు తీసుకున్నాక, అత్తయ్య పిల్లలూ మేనల్లుళ్ళూ మేనకోడళ్ళూ కలిసి హాల్లో చాపల మీద కూర్చున్నాం. ఎవరి దగ్గరా పెద్దగా మాటలు లేవు. అప్పుడు అత్తయ్య పెద్దకూతురు, మా వదిన, వాకిట్లోని ఎండను చూస్తూ "అమ్మ ఉంటే ఈపాటికి ఆవాలు ఎండబెట్టేది" అంది. ఆ మాటకు ముందు మా చెల్లెలు నవ్వింది, తరువాత బావ నవ్వాడు, చివరకు కళ్ళు తుడుచుకుంటూనే అందరం నవ్వాం. దీపాలు పెట్టే వేళ దాకా ఇక మేము మాట్లాడుకున్నదంతా బెజవాడ ఇంటి గురించి, దసరా రోజుల్లో ఆ ఇంటిని ముంచెత్తిన చుట్టాల గురించే. ఆవాల మాటకు ఎందుకంత నవ్వు వచ్చిందో చెప్పాలంటే ముందు ఆ ఇంటి సంగతి చెప్పాలి.

ఆ ఇల్లు వన్‌టౌన్‌లో, బ్రాహ్మణ వీధి వెనక ఒక సన్నని సందులో ఉండేది. మూడు గదులు, ముందు వరండా, వెనక దొడ్డి, దొడ్లో బావి, బావి పక్కన రోలు, ఒక పారిజాతం చెట్టు, ఇరుకైన మెట్లెక్కితే డాబా. డాబా మీద నిలబడితే ఇంద్రకీలాద్రి కళ్ళెదుటే కనబడేది. ఇప్పుడున్న పెద్ద రాజగోపురం అప్పటికి లేదు. కొండా, కొండ మీద గుడీ, మెట్ల దారి పొడుగునా వెలిగే దీపాలూ మాత్రమే ఉండేవి. కనకదుర్గమ్మను దేవత అనుకోవడానికి ముందే మేము ఎదురింటి పెద్దావిడ అనుకున్నాం. నాయనమ్మ కూడా అలాగే మాట్లాడేది. పొద్దున్నే డాబా మీదకు వచ్చి, కొండవైపు తిరిగి దణ్ణం పెట్టుకుని, "ఈ పూట పిల్లలకు పరీక్షమ్మా, కాస్త చూడు" అని ఇరుగుపొరుగుతో చెప్పినట్టు చెప్పి దిగిపోయేది.

బెజవాడ ఎండల సంగతి తెలియనివాళ్ళు ఉండరు. ఊరిని అంటిపెట్టుకుని ఉన్న కొండరాళ్ళు పగలంతా తాగిన వేడిని తెల్లవార్లూ వదులుతూనే ఉంటాయి. మృగశిర వచ్చి వానలు పడినా, శ్రావణంలో నోములు నడిచినా, మా ఊళ్ళో వేసవి పూర్తిగా వదిలిపెట్టినట్టు ఉండేది కాదు. వాన వెలిసిన కాసేపటికే ఉక్కపోత మొదలయ్యేది. వినాయక చవితి నాడు పాలవెల్లి కింద కూర్చుని కథ వింటుంటే చేతిలోని అక్షింతలు చెమటకు తడిసి ముద్దకట్టేవి. నిజమైన మార్పు మహాలయ అమావాస్య దాటాకనే వచ్చేది. తెల్లవారుజామున బావి దగ్గర చేదతాడు చేతికి చల్లగా తగిలేది. పారిజాతం చెట్టు కింద ఎర్ర కాడల తెల్లపూలు నేల కనబడకుండా రాలి ఉండేవి. కృష్ణ మధ్యనున్న లంకల్లో రెల్లు పూసేది. ఆకాశంలో నల్లమబ్బులు పోయి తెల్లమబ్బులు తేలేవి. నాయనమ్మ ఒక రోజు సాయంత్రం విసనకర్రను గోడకు తగిలించి "ఇంక గాలి తిరిగిందర్రా" అనేది. గాలి తిరిగిందంటే చుట్టాలు బయలుదేరుతున్నారని మాకు అర్థం.

ఎవరినీ పిలిచేవాళ్ళు కాదు. దసరాకు రమ్మని ఉత్తరం రాయడం ఆ ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు. అమ్మవారి దర్శనానికి బెజవాడ రావలసినవాళ్ళకు కొండ కిందనే ఒక ఇల్లు ఉంటే, ఇక వేరే పిలుపుతో పని ఏముంటుంది? "మేము నలుగురము సప్తమి నాటికి వచ్చుచున్నాము. మిగతా విషయములు ముఖతా" అని ఒక కార్డు ముక్క వచ్చేది. చాలాసార్లు మనుషులు ముందు దిగి, కార్డు ఆ మర్నాడు వచ్చేది. అప్పుడు తాతయ్య ఆ కార్డును వచ్చినవాళ్ళ ఎదుటే గట్టిగా చదివి, "వీళ్ళెవరో రేపు వస్తున్నారట, పక్కలు సిద్ధం చెయ్యండి" అనేవాడు. ప్రతి ఏడూ అదే మాట, ప్రతి ఏడూ అంతే నవ్వు.

మా చుట్టాలకు ఊరి పేర్లే ఇంటిపేర్లు. తెనాలి పెదనాన్న, ఏలూరు పెద్దత్తయ్య, నూజివీడు చిన్నత్తయ్య, బందరు బాబాయి. వాళ్ళ వెంట పిల్లలు, ఆ పిల్లల వెంట ఒకోసారి వాళ్ళ తోటికోడలి పిల్లలు. ప్యాసింజరు బళ్ళు దిగి, స్టేషను బయట రిక్షాల వాళ్ళతో బేరమాడి, ఒక్కో రిక్షాలో పట్టనంతమంది ఎక్కి, కాళ్ళ మధ్య ట్రంకుపెట్టెలూ ఒళ్ళో పిల్లలూ పెట్టుకుని వచ్చేవాళ్ళు. సందు మొదట్లో రిక్షా గంట వినబడగానే మేము పరుగెత్తేవాళ్ళం. మనుషుల కోసమే పరుగెత్తామని చెప్పాలని ఉంది గానీ, సంచుల కోసం కూడా. బాబాయి తెచ్చే తొక్కుడు లడ్డు పొట్లం నూనె దిగి మెరుస్తూ ఉండేది. నూజివీడు నుంచి వేసవిలో పోసిన మామిడితాండ్ర చాపలు చుట్టలుగా వచ్చేవి. సీతాఫలాలు గంపతో వచ్చి, బియ్యం డబ్బాలో మగ్గడానికి దాక్కునేవి. పెదనాన్న తెనాలి నుంచి చక్కెరకేళి గెల తెచ్చి వరండా దూలానికి వేలాడదీసేవాడు. వచ్చేపోయే పిల్లలు గెంతి అందుకున్నవి అందుకుంటూ ఉంటే, దుర్గాష్టమి నాటికి అక్కడ కాడ ఒక్కటే మిగిలేది.

ఇంతమందికీ స్నానాల గది ఒక్కటే. నీళ్ళు కాచడానికి నడుమ నిప్పులు వేసే రాగి బాయిలరు ఒక్కటే. పెద్దత్తయ్య వచ్చిన క్షణం నుంచి ఆ బాయిలరు ఆవిడ చేతిలోకి పోయేది. తెల్లవారుజామున మూడింటికి లేచి, బొగ్గులు రాజేసి, పేరుపేరునా పిలిచేది. దర్శనానికి వెళ్ళేవాళ్ళు ముందు, వంటవాళ్ళు తరువాత, పిల్లలు ఆపైన, "ఏ పనీ లేని మగవాళ్ళు" చివర. ఆ చివరి జాబితాలో బాబాయి ఎప్పుడూ ఉండేవాడు. ఆయన వరండాలో దుప్పటి ముసుగులోంచే "అక్కయ్యా, నా వంతు వచ్చేసరికి ఆ నీళ్ళు కృష్ణలోకి వెళ్ళి, ఆవిరై, మళ్ళీ వానై పడతాయి, అప్పుడు చేస్తాలే" అనేవాడు. అప్పటికే కొండ మీద మైకులో సుప్రభాతం మొదలయ్యేది. ఇంట్లో గూట్లోని రేడియో ఇంకాస్త ఆగి, భక్తిరంజనితో గొంతు కలిపేది. 1948లో మొదలైన బెజవాడ ఆకాశవాణిని తాతయ్య ఊరి మర్యాదల్లో ఒకటిగా భావించేవాడు. చుట్టాల పిల్లలు ఆ రేడియో చెవి మెలితిప్పి వేరే స్టేషను పెడితే మాత్రం ఊరుకునేవాడు కాదు.

ఒక ఏడు పెదనాన్న, నూజివీడు మావయ్య కళ్ళజోళ్ళు మారిపోయిన సంగతి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. ఇద్దరివీ నల్లటి మందపు ఫ్రేములే. ఇద్దరూ పడుకునే ముందు రేడియో గూట్లోనే పెట్టారు. చీకట్లో లేచి, స్నానాలు చేసి, చేతికందిన జోడు పెట్టుకుని మెట్ల దారిన కొండెక్కారు. దర్శనం చేసుకుని వచ్చాక ఇడ్లీల దగ్గర కూర్చుని మావయ్య కళ్ళనీళ్ళతో "బావగారూ, ఈసారి అమ్మవారు నాకు స్పష్టంగా దర్శనం ఇవ్వలేదండీ, అంతా పొగలో ఉన్నట్టు ఉంది, ఏం అపరాధం చేశానో" అన్నాడు. పెదనాన్న తల పట్టుకుని "నాకు మెట్టు మెట్టుకీ కళ్ళు తిరిగాయి, ఇక ఈ వయసులో కొండెక్కడం నా వల్ల కాదేమో" అన్నాడు. ఇద్దరి మధ్యా ఇడ్లీలు వడ్డిస్తున్న పెద్దత్తయ్య ఒకసారి ఇతన్ని, ఒకసారి అతన్ని తేరిపార చూసి, ఏమీ మాట్లాడకుండా రెండు చేతులతో రెండు కళ్ళజోళ్ళూ తీసి, మార్చి పెట్టింది. మావయ్య ఆ ఉదయమే రెండోసారి కొండెక్కి, అమ్మవారిని తృప్తిగా చూసి వచ్చాడు.

ఇక పులిహోర. కొండ మీద ప్రసాదంగా పెట్టే పులిహోర వేరు, పెద్దత్తయ్య చేసేది వేరు. ఆవిడ చేసేది ఆవ పెట్టిన పులిహోర. దాని పని రెండు రోజుల ముందే మొదలయ్యేది. ఆవాలను ఇత్తడి పళ్ళెంలో పలుచగా పరిచి డాబా మీద ఎండబెట్టేది. బాగా ఎండిన ఆవాలు నూరితే చేదు ఉండదని ఆవిడ నమ్మకం. పిల్లల్లో ఒకరిని కాకుల కాపలా పెట్టేది. పండుగ నాడు అన్నం పొడిపొడిగా వార్చి, వేడివేడిగా ఉండగానే వెడల్పాటి పళ్ళెంలో పరిచేది. ఆ వేడి అన్నం మీద పసుపు, పచ్చి కరివేపాకు, నువ్వుల నూనె వేసి, పైన మరికొంత అన్నం కప్పేసి వదిలేది. ఆ కాసేపట్లోనే కరివేపాకు మగ్గి, వాసన వరండా దాకా వచ్చేది. పక్క పొయ్యి మీద చింతపండు గుజ్జు చీల్చిన పచ్చిమిరపకాయలతో కలిసి ఉడుకుతూ, దగ్గరపడి, నూనె పైకి తేలేదాకా ఎవరినీ ఆ దరికి రానిచ్చేది కాదు. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, వేరుశనగ గుళ్ళు, ఇంగువ వేసి తాలింపు పడేది. అన్నీ కలిపి, ఎవరూ రుచి చూడకుండా నైవేద్యానికి వేరుగా తీసి పెట్టాక, అప్పుడు రోటి దగ్గరకు వెళ్ళి ఎండుమిరపకాయ, ఉప్పు వేసి ఆవాలు నూరేది. కొద్దికొద్దిగా నీళ్ళు చిలకరిస్తూ పొత్రం తిప్పుతుంటే ఆ ఘాటు ముక్కుపుటాలకు ఎక్కి, దొడ్లో ఉన్నవాళ్ళందరూ ఒకరి తరువాత ఒకరు తుమ్మేవాళ్ళు.

ఆవ కుదిరిందో లేదో తేల్చడానికి పెద్దత్తయ్యకు ఒక కొలమానం ఉండేది. అది మా ఏలూరు మావయ్య. ఆవ కలిపిన పులిహోర ఒక ముద్ద చేసి, వరండాలో పేపరు చదువుకుంటున్న ఆయన అరచేతిలో పెట్టి ఎదురుగా నిలబడేది. పిల్లలమంతా చుట్టూ మూగేవాళ్ళం. మావయ్య ముద్ద నోట్లో వేసుకుని, ఒక క్షణం ఏమీ ఎరగనట్టు ఉండి, తరువాత ముక్కు ఎగబీల్చి, కళ్ళు గట్టిగా మూసి తెరిచేవాడు. కళ్ళలో నీళ్ళు తిరిగితే "కుదిరింది" అని అత్తయ్య లోపలికి వెళ్ళిపోయేది. నీళ్ళు రాకపోతే "ఇంకొంచెం పడాలి" అని మళ్ళీ రోటి దగ్గర కూర్చునేది. మావయ్య పెద్ద ఉద్యోగం చేసిన మనిషి, నలుగురిలో గంభీరంగా ఉండే మనిషి. దసరా నాడు మాత్రం మా అందరి ఎదుటా అలా కళ్ళనీళ్ళు పెట్టుకోవడం ఆయనకూ ఇష్టమేనని నాకు పెద్దయ్యాక అర్థమైంది. రెండు మూడు సార్లు నీళ్ళు రాకపోయినా కొంగుతో తుడవమని ముఖం చాపడం చూశాను. పన్నెండో రోజున ఆవాల మాట రాగానే మా అందరికీ కళ్ళ ముందు నిలబడింది ఆ ముఖమే.

మూలా నక్షత్రం నాడు అమ్మవారికి సరస్వతీ అలంకారం. నవరాత్రుల్లో అన్నిటికంటె ఎక్కువ జనం వచ్చే రోజు అదే. తెల్లవారకముందే మా సందు చివర వరకూ కొత్త ముఖాలు కనబడేవి. మాకు ఆ రోజు మరో విధంగా ముఖ్యం. పుస్తకాలు, కలాలు పూజలో పెట్టేవాళ్ళం. పూజలో పెట్టిన పుస్తకం తీసి చదవకూడదని నాయనమ్మ శాసనం. అందుచేత ఏ పుస్తకం చదవవలసిన భయం ఉందో దాన్నే అడుగున పెట్టి, మీద పూలు ఎక్కువగా వేసేవాళ్ళం. మా తెనాలి అన్నయ్య ఒక ఏడు తన లెక్కల పుస్తకంతో పాటు పక్కింటి అబ్బాయి లెక్కల పుస్తకం కూడా తెచ్చి పూజలో పెట్టాడు. తోటివాడికి కూడా పుణ్యం రావాలని అట.

ఆ మూలా నక్షత్రం రోజే ఒక ఏడు తెనాలి పెద్దమ్మ క్యూలో తప్పిపోయింది. అందరూ దర్శనం చేసుకుని ఇంటికి వచ్చారు, పెద్దమ్మ రాలేదు. పెదనాన్న ఇటు సందు మొగ దాకా, అటు బావి దాకా నడుస్తూ ఉన్నాడు. అంతలో కొండ మీది మైకులో ఎవరో తాతయ్య పేరు ఇంటిపేరుతో సహా చదివి, "బ్రాహ్మణ వీధి వెనక సందులో ఉండే వారు, తమ కోడలు ఇక్కడ ఉన్నారు కనుక వచ్చి తీసుకుని వెళ్ళవలసిందిగా కోరుతున్నాం" అన్నారు. ఇల్లంతా ఒక్క క్షణం నిశ్శబ్దమై, తరువాత గొల్లుమంది. తాతయ్య మాత్రం నవ్వలేదు. కండువా సవరించుకుని, "అమ్మవారి సన్నిధిలో నా పేరు చదివారు" అన్నాడు. ఆ మాట ఆయన ఆ ఏడాది పొడుగునా పోస్టుమానుతో సహా అందరికీ చెప్పుకున్నాడు.

పెదనాన్న వెళ్ళి చూస్తే పెద్దమ్మ నిబ్బరంగా కూర్చుని ఉందట. పక్కన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం, అయిదారుగురు. క్యూలో నిలబడ్డ గంటల్లో వాళ్ళ పెళ్ళి సంబంధాలు, పంటలు, ఆపరేషన్లు అన్నీ తెలుసుకుని, వాళ్ళు మధ్యాహ్నం ఎక్కడ తింటారో తెలియక దిగులుపడుతున్నారని, వాళ్ళను కూడా వెంటబెట్టుకుని వచ్చింది. నాయనమ్మ గుమ్మంలో నిలబడి వాళ్ళను లెక్కపెట్టుకుని, "కాళ్ళు కడుక్కోండి నాయనా, రసం మళ్ళీ కాస్తున్నారు" అంది. వంటింట్లో మా అమ్మ, చిన్నత్తయ్య ఒకరినొకరు చూసుకుని, పప్పులో ఒక చెంబు నీళ్ళు పోసి, ఇంకో కుంపటి రాజేశారు. ఆ శ్రీకాకుళం వాళ్ళు ఆ తరువాత కూడా దసరాకు వస్తూనే ఉన్నారు. నాలుగైదేళ్ళు గడిచాక వాళ్ళు ఎవరి తరఫు చుట్టాలో పిల్లలకు తెలియకుండా పోయింది. మా చెల్లెలి పెళ్ళిలో వాళ్ళ పెద్దాయనే పెళ్ళివారికి మా తరఫున ఎదురు వెళ్ళాడు.

పగలంతా ఎలా గడిచినా రాత్రి అందరం డాబా మీదకు చేరేవాళ్ళం. పాడ్యమి నాడు మొదలైన పండుగ కనుక చంద్రుడు కూడా మాతో పాటే పెరిగేవాడు. మొదట సన్నని గీత, సప్తమికి సగం, దశమి నాటికి దాదాపు నిండుగా. చిన్నప్పుడు మాకు పండుగ ఇంకా ఎన్ని రోజులు మిగిలిందో చంద్రుణ్ణి చూస్తేనే తెలిసేది. చాపలు పరిచి, నులక మంచాలు వాల్చి, పైకి లాగిన తీగకు ఒక బల్బు తగిలించేవాళ్ళు. దాని కింద బాబాయి పేకముక్కలు కలిపేవాడు. ఇంకో మూల ఆడవాళ్ళు గవ్వలతో పచ్చీసు ఆడుతూ, మగవాళ్ళ ఆట కంటె ఎక్కువ పోట్లాడుకునేవాళ్ళు. పెద్దత్తయ్య పెద్ద బేసిన్‌లో మిగిలిన అన్నమూ పప్పూ మాగాయా నెయ్యీ వేసి కలిపి, చుట్టూ కూర్చున్న పిల్లల చేతుల్లో వరుసగా ముద్దలు పెట్టేది. ఎవరి చేతిలో పెడుతున్నదీ చూసేది కాదు. చెయ్యి కనబడితే ముద్ద పడేది. ఒకసారి ఆ వరుసలో నూజివీడు మావయ్య కూడా నెమ్మదిగా చెయ్యి చాపి నాలుగు ముద్దలు తినేశాడు.

తిండి అయ్యాక తాతయ్య ఆనకట్ట కథ చెప్పేవాడు. కాటన్ దొర కాలంలో కట్టిన పాత ఆనకట్టకు 1952లో గండి పడిన సంగతి, ఊరంతా ఏటి ఒడ్డున చేరి నీళ్ళు దిగువకు పోతుంటే చూస్తూ నిలబడిన సంగతి, డెల్టా పొలాల గతేమిటని రైతులు తల్లడిల్లిన సంగతి, ఆ తరువాత 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ లేచి నిలబడిన సంగతి. ప్రతి దసరాకూ అదే వరుసలో చెప్పేవాడు. ఒక్క మాట అటూ ఇటూ అయితే "కాదు తాతయ్యా, ముందు గండి దగ్గరకు వెళ్ళావు, ఆ తరువాత ఇంటికి వచ్చి చెప్పావు" అని మేమే దిద్దేవాళ్ళం. కథ పూర్తయ్యాక బ్యారేజీకి ఎన్ని గేట్లని అడిగేవాడు. డెబ్బై అని అందరం ఒక్క గొంతుతో అరిచేవాళ్ళం. పక్క డాబా మీద పడుకున్నవాళ్ళు కూడా అరిచేవాళ్ళు. వాళ్ళూ ఏటేటా విన్న కథే కదా.

కొన్నేళ్ళు ఆ రోజుల్లోనే కృష్ణకు వరద వచ్చేది. బ్యారేజీ గేట్లెత్తితే ఎర్రటి నీళ్ళు దిగువకు దూకుతున్న హోరు, రాత్రి సందడి సద్దుమణిగాక డాబా దాకా వినిపించేది. అలాంటి రాత్రే బాబాయి గొంతు తగ్గించి, కృష్ణమ్మ పొంగి దుర్గమ్మ ముక్కుపుడకను తాకిన నాడు కలియుగం ఆఖరవుతుందని పెద్దలు చెప్పే మాట చెప్పాడు. "హోరు విన్నారా? దగ్గరకొస్తోంది" అన్నాడు. చిన్నవాళ్ళు ఏడుపు అందుకున్నారు. నాయనమ్మ పచ్చీసు గవ్వలు చేతిలో ఆడిస్తూనే ఇటు తిరిగి, "ముక్కుపుడక దాకా రావాలంటే నీళ్ళు ముందు మన డాబా ఎక్కాలి. ఎక్కినప్పుడు నేను లేపుతాను, పడుకోండి" అంది. దాంతో అందరికీ ధైర్యం వచ్చేసింది. ఆవిడ లేపుతానంటే లేపుతుంది.

విజయదశమి నాడు అమ్మవారు రాజరాజేశ్వరి. సాయంత్రం తెప్పోత్సవానికి హంస వాహనం దీపాలతో కృష్ణ మీద తిరుగుతుంటే, ఒడ్డున జనంలో ఎవరి భుజాల మీద ఎవరి పిల్లలున్నారో తెలిసేది కాదు. ఆ రోజు నాకు అన్నిటికంటె ఇష్టమైన పని మాత్రం పొద్దున్నే ఉండేది. జమ్మిచెట్టుకు కట్టే కాగితం మీద శమీ శ్లోకం రాసి, కింద ఇంట్లో అందరి పేర్లూ రాయాలి. తాతయ్య వరండాలో పీట మీద కూర్చుని చెబుతుంటే నేను రాసేవాణ్ణి. కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు, అల్లుళ్ళు, మనవలు. ఆ ఏడు రాలేకపోయినవాళ్ళ పేర్లూ ఉండేవి, ఇంకా పేరు పెట్టని పసిబిడ్డ ఉంటే "చిరంజీవి" అని ఒక్క మాట ఉండేది. కాగితం చాలక రెండో కాగితం అతికించేవాళ్ళం. "శ్రీకాకుళం వాళ్ళవి?" అని అడిగితే తాతయ్య కాసేపు ఆలోచించి, "గోత్రం తెలియదు, పేర్లు రాయి" అన్నాడు. ఒక దసరా రోజున పేర్ల వరుసలో ముందు ఎవరుండాలని పెదనాన్నకూ మావయ్యకూ చిన్న మాట పట్టింపు వచ్చింది. నాయనమ్మ లోపలి నుంచి "వంట చేసేవాళ్ళ పేర్లు ముందు రాయరా" అని తీర్పు చెప్పింది. ఆనాటి నుంచి పెద్దత్తయ్య పేరే మొదట రాశాను.

దశమి దాటాక ఇల్లు ఖాళీ అవడం మొదలయ్యేది. కొందరు ఆడపిల్లలు మాత్రం అట్లతద్ది దాకా ఉండిపోయేవాళ్ళు. ముందు రోజు సాయంత్రం రోట్లో గోరింటాకు రుబ్బితే, దొడ్డంతా పచ్చి వాసన. చేతులకు ముద్దలు పెట్టించుకున్నాక తమంతట తాము ఏ పనీ చెయ్యలేరు కనుక, తల గోకడానికి ఒకరు, దోమను తోలడానికి ఒకరు అని తమ్ముళ్ళను నియమించుకునేవాళ్ళు. చీకటితోనే లేచి గోంగూర పచ్చడితో, పెరుగుతో చద్దెన్నం తిని, వీధిలోకి ఆటలకు పోయేవాళ్ళు. ఆ తెల్లవారుజాముల్లో మొదటిసారి దుప్పటి కప్పుకోవాలనిపించేది.

తాతయ్య, నాయనమ్మ వెళ్ళిపోయాక ఆ ఇల్లు చేతులు మారింది. ఇప్పుడక్కడ నాలుగంతస్తుల కట్టడం ఉంది. డాబా మీద నుంచి కొండ కనబడుతుందో లేదో అడిగి తెలుసుకోవాలని నాకు అనిపించలేదు.

చుట్టాలను సాగనంపడం కూడా ఒక పండుగలాగే జరిగేది. వచ్చిన సంచులు ఖాళీగా వెళ్ళకూడదు. అమ్మవారి కుంకుమ పొట్లాలు, ఆకుల్లో చుట్టిన పులిహోర, నూజివీడు సీతాఫలాలు ఏలూరుకు, తెనాలి అరటిపళ్ళు బందరుకు, బందరు లడ్డు తెనాలికి. ఎవరు తెచ్చినది వాళ్ళకు కాకుండా మిగతా అందరికీ సర్దేది పెద్దత్తయ్య. తన బండి ఎక్కే ముందు వంటింట్లోకి వెళ్ళి మా అమ్మకు ఏయే డబ్బాలో ఏమేం మిగిలాయో చెప్పి, బాయిలరు తాళంచెవి అప్పగించినట్టు ఆ బొగ్గుల గరిటె ఆవిడ చేతిలో పెట్టి మరీ వెళ్ళేది.

ఆఖరున బయలుదేరేది బందరు బాబాయి. రాత్రి ప్యాసింజరుకు వెళ్ళాలని సాయంత్రమే ట్రంకుపెట్టె సర్దేవాడు. ఆ తరువాత ఒక చివరి ఆట మొదలయ్యేది. ఆట సగంలో ఉండగా తాతయ్య గడియారం చూసేవాడు, నాన్న రిక్షా పిలిచేవాడు, పిన్ని గుమ్మంలో నిలబడి పళ్ళు కొరుక్కునేది. చివరకు అందరికీ దణ్ణాలు పెట్టి, పిల్లలందరి చేతుల్లో తలా ఒక పావలా పెట్టి, రిక్షా ఎక్కి చెయ్యి ఊపుతూ వెళ్ళేవాళ్ళు. గంట తిరక్కుండా అదే రిక్షా అదే గంట మోగించుకుంటూ సందులోకి తిరిగి వచ్చేది. రైలు వెళ్ళిపోయి ఉండేది. బాబాయి దిగుతూనే "అమ్మా, రైలువాడికి తొందరెక్కువైందే" అనేవాడు. ఆయన ఇచ్చిన పావలాలు మళ్ళీ ఆయనకే ఇవ్వాలా అని మేము అడిగేవాళ్ళం. నాయనమ్మ లోపలి నుంచే కంచాలు చప్పుడు చేస్తూ, "నాకు తెలుసు, అందుకే రెండు గిద్దెల బియ్యం ఎక్కువ పోశాను. కాళ్ళు కడుక్కుని రండి, చారు చల్లారిపోతోంది" అనేది. పిన్ని నవ్వు ఆపుకోలేక ట్రంకుపెట్టె మీదనే కూలబడేది. బాబాయి ఉంగరాల జుట్టు వెనక్కి దువ్వుకుంటూ, వరండాలో వదిలేసి వెళ్ళిన పేకముక్కల దగ్గరకు నడిచి, "ఇంతకీ ఆ ఆటలో ఎవరి వంతర్రా?" అని అడిగేవాడు.